డిస్కు చప్పుడు

వేంపల్లెలో మా పక్క ఫోటో స్టూడియో ఆయన పెన్‌డ్రైవ్‌ను చెవికి ఆనించుకుంటే, మతి చెడిందని జనం నవ్వేవాళ్లు. ఆయన మతికేం కాలేదు. తప్పు నాది.

భార్య పోయాక ఆమె వీడియోలున్న పాత హార్డ్‌డిస్కును కంప్యూటర్‌కు తగిలించి, లోపల పళ్లెం గిర్రున తిరిగే చప్పుడు వింటూ కూర్చునేవాడు.

“ఏం భాయ్, డబ్బా ఏమంటాండాది?” అని ఎగతాళి చేసేవాణ్ని.

“ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుండాదప్పా.”

ఒకరోజు అది టకటకమని కొట్టుకోసాగింది. చెడిపోతుందని భయపడి, వీడియోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, డిస్కును పాత సామాన్లవాడికి వేసేశాను. పెన్‌డ్రైవ్‌లో తిరిగేదేమీ ఉండదని నాకు తెలుసు.

ఆయన దాన్ని కంప్యూటర్‌కు తగిలించి వీడియోలు చూసుకుని, పీకి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“అన్నీ ఉండాయిలేప్పా. సప్పుడే లేదు.”