కల్లంలో చెప్పులు

మిరపకాయలు ఆరబోసిన కల్లంలోకి చెప్పులతో వచ్చే మనిషిని నేను మనిషిగా లెక్కపెట్టేదాన్ని కాదు. తిండి పెట్టే పంట మీద రోడ్డు దుమ్ముతో నడుస్తారా ఎవరైనా? బేరగాళ్లు వచ్చినా సరే, కాయల కింద పరిచిన పట్టాల అంచున చెప్పులు విప్పించేదాన్ని. మా అబ్బాయి ఒకసారి ఫోన్లో మాట్లాడుకుంటూ చెప్పులతోనే నడిచొస్తే, తల నెరిసినవాడని కూడా చూడకుండా కూలీల ముందే కేకలేశాను. అలాంటి నేను ఇప్పుడు చెప్పులేసుకుని కల్లంలో తిరుగుతున్నాను. ఊళ్లో ఆడవాళ్లు నవ్వుకుంటున్నారట. నవ్వుకోనీ. జరిగింది జరిగినట్టు నేనే రాద్దామని కూర్చున్నాను. నా చదువు మూడో తరగతి దాకానే. అక్షరాలు గుండ్రంగా రావు గానీ విషయం తిన్నగానే వస్తుంది.

కిందటేడు మొదటి కోత కాయలు కల్లంలో ఉన్నాయి. మేం కాయల్ని కాళ్లతోనే చాళ్లు తీసుకుంటూ తిరగదోస్తాం. పొద్దుటి నుంచీ ఆ పని మీదే ఉన్నాను. అన్నం తెచ్చిన మా కోడలు పట్టా వైపు చూసి నిలబడిపోయింది.

"అత్తయ్యా, కాలేంటి అట్టా ఉంది?"

చూస్తే బొటనవేలి కింద నెత్తురు. నడిచినంత మేరా మరకలు. ఎర్రటి కాయల మీద ఎర్రటి నెత్తురు, నాకు కనబడనే లేదు. తుమ్మముల్లు ఒకటి లోపల విరిగి ఉంది. ఎప్పుడు దిగిందో నాకు తెలియదు. పిన్నీసుతో తీసి, పసుపు అద్ది, మళ్లీ పనిలో పడ్డాను. నొప్పి లేదు కాబట్టి దెబ్బే కాదనుకున్నాను.

ఆ దెబ్బే పుండయింది. వేలు వాచింది, అంచులు నల్లబడ్డాయి. మా అబ్బాయి కారులో పడేసి గుంటూరు తీసుకెళ్లాడు. డాక్టరు కాలు అటూ ఇటూ తిప్పి చూసి, షుగరు వల్ల కాలికి స్పర్శ పోయిందన్నాడు. పుండు ఎముక దాకా పోతే బొటనవేలు తీసెయ్యాలి, అక్కడితో ఆగకపోతే ఇంకా పైకి వెళ్లాలి అన్నాడు. ఒక్క అవకాశం ఇచ్చాడు. రోజు విడిచి రోజు శుభ్రంగా కట్టు కట్టించుకుని, కాలు కింద పెట్టకుండా ఉండి, మళ్లీ రమ్మన్నాడు. అప్పుడు చూసి చెబుతాడట, కోయాలో అక్కర్లేదో.

తిరిగొచ్చేటప్పుడు మా అబ్బాయి పక్కనే కూర్చున్నాను. నేనే అన్నాను, "స్పర్శ పోవడమేంట్రా, నడుస్తున్నానుగా?"

"నువ్వు నోరు మూసుకుని కూర్చోవే అమ్మా" అన్నాడు. వాడు నన్ను అట్లా అనడం అదే మొదలు.

కట్టు కట్టడానికి మా ఊరి ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సు వస్తానంది. ఆ అమ్మాయిది ఈ ఊరే. చర్చి పక్క సందులో ఇల్లు. వాళ్లమ్మ మా కల్లంలో తాలుకాయలు ఏరేది. తెల్లబారిన కాయ ఒక్కటి కూడా ఆమె చెయ్యి దాటి పోయేది కాదు. అంత పనిమంతురాలు. అయినా ఏ రోజూ మా అరుగు దాటి లోపలికి రాలేదు, మేమూ రమ్మనలేదు. ఆ కాలం అట్లా గడిచింది. కూతురు మాత్రం బండి ఆపి, చెప్పులు గుమ్మం బయట విడిచి, నేరుగా నా మంచం దగ్గరకు వచ్చింది.

"మామ్మగారూ, మీరు కుర్చీలో కూర్చోండి" అని, తను కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒళ్లో శుభ్రమైన తువ్వాలు పరిచి, "ఏదండీ కాలు" అంది.

నేను ఇవ్వలేదు. ఒకరి ఒళ్లో కాలెట్లా పెడతాను? స్టూలు మీద పెడతానన్నాను.

"స్టూలు మీద పెడితే నాకు అడుగు కనబడదండీ. నా మెడ విరుగుద్ది. ఇట్టా ఇవ్వండి" అని రెండు చేతులతో తీసి ఒళ్లో పెట్టుకుంది.

నేను వంగి ఆ అమ్మాయి భుజం తాకి, చెయ్యి కళ్లకద్దుకున్నాను. కాలు తగిలితే మనం చేసేది అదేగా. ఆ అమ్మాయి తలెత్తి చూసింది.

"కావాలని పెట్టుకున్నాను కదండీ, తగిలింది కాదుగా?"

"నీ సంగతి నీది, నా సంగతి నాది. నువ్వు నీ పని చూడు."

నవ్వి, పని చూసుకుంది. ఆ తరవాత వచ్చినప్పుడల్లా ఇదే వరస. తను కాలు ఒళ్లో పెట్టుకోవడం, నేను కళ్లకద్దుకోవడం. ఆ అమ్మాయి పుండు కడుగుతూ ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది. ఎవరి కోడలికి ఏ నెలో, ఎవరి బీపీ ఎందుకు పెరిగిందో మాత్రం చచ్చినా చెప్పేది కాదు. ఎంత గుచ్చి అడిగినా "అది వాళ్ల సొంత సంగతండీ" అని మూతి బిగించేది. నా కాలి సంగతి కూడా బయటకు పొక్కదని అప్పుడే నమ్మకం కుదిరింది.

నాకు నచ్చనిది ఒకటే. కట్టు విప్పినప్పుడల్లా ఆ గాజుగుడ్డంతా చుట్టి పారేసేది. పుండు మీదున్న ముక్క పారేస్తే పారేసింది, మడమ చుట్టూ, చీలమండ చుట్టూ తిప్పిన గుడ్డకేమయింది? మల్లెపువ్వులా ఉంటుంది. ఒకరోజు ఆ అమ్మాయి వెళ్లాక బుట్టలోంచి తీసి, సబ్బు పెట్టి ఉతికి, కల్లం పక్క తీగ మీద ఆరేశాను. మర్నాడు స్నానం చేస్తుంటే కట్టు తడిసింది. ఆ అమ్మాయి రావాల్సిన రోజు కాదు. మన దగ్గర ఉతికిన గుడ్డ ఉండనే ఉంది కదా అని పాత కట్టు విప్పేసి, వేలి దగ్గర నుంచి చీలమండ పైదాకా చక్కగా చుట్టుకున్నాను. నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది.

కాసేపటికి చీలమండ దగ్గర చురుక్కుమంది. ఆ వెంటనే మంట. కాలు పొయ్యిలో పెట్టినట్టయింది. కూలీలు కాయల్ని తిరగదోస్తున్నప్పుడు లేచిన కారమంతా ఆ తడిగుడ్డకు పట్టిందని అప్పుడు తట్టింది. నా అరుపులకు మా కోడలు పరిగెత్తుకొచ్చి నర్సుకు ఫోన్ చేసింది.

ఆ అమ్మాయి వచ్చి కట్టు విప్పుతూనే తుమ్మింది. గుడ్డ వాసన చూసింది. తీగ వైపు చూసింది. నా వైపు చూసింది.

"మామ్మా, ఏంటిది? పచ్చిపుండు మీద కారం కట్టుకుంటావా నువ్వు? బుర్రుందా?"

ఆ కోపంలో 'గారు' ఎటో పోయింది. నేనూ వెతకలేదు.

"ఉతికాను. సబ్బు పెట్టే ఉతికాను. బంగారంలాంటి గుడ్డ" అన్నాను.

"బంగారమే. మెళ్లో వేసుకోకపోయావా" అంటూ సెలైను నీళ్లతో పుండంతా కడిగింది, మళ్లీ కడిగింది. చీలమండకు మా కోడలి చేత చల్లటి పెరుగు రాయించింది. పెరుగు చుక్క కూడా పుండు దాకా రాకుండా మధ్యలో చెయ్యి అడ్డం పెట్టింది. మంట కొంచెం దిగాక నెమ్మదిగా అడిగింది.

"ఎక్కడెక్కడ మండింది మామ్మా?"

"ఇదిగో, చీలమండ చుట్టూ. పైన పిక్క దాకా."

"వేలి దగ్గర?"

"వేలి దగ్గరేం లేదు. అది తగ్గిపోయిందిగా" అన్నాను. ఎన్నాళ్లుగానో నేను చెబుతున్న మాటే.

ఆ అమ్మాయి చేతులు తుడుచుకుంది. కాలు ఒళ్లోనే ఉంచుకుని నా మొహంలోకి చూసింది.

"జన్మంతా కారంలో బతికావు. పచ్చిపుండు మీద కారం పడితే మండకుండా ఉండుద్దా? నువ్వే చెప్పు."

నేను వేలి వైపు చూసుకున్నాను.

"పుండున్నది వేలికి. మండింది చర్మం బాగున్న చోట. కళ్లు మూసుకో మామ్మా. నేను ముట్టుకున్నప్పుడల్లా ఊఁ అను."

మూసుకున్నాను. పిక్క మీద దూది తగిలింది, ఊఁ అన్నాను. చీలమండ మీద తగిలింది, ఊఁ అన్నాను. తరవాత చాలాసేపు ఏమీ తగల్లేదు. ఎందుకు ఆపిందా అని కళ్లు తెరిచాను. ఆ అమ్మాయి చేతి బొటనవేలితో నా కాలి బొటనవేలిని గట్టిగా నొక్కి పట్టుకుని ఉంది. గుమ్మంలో మా కోడలు చీరచెంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

డాక్టరు చెప్పిందీ ఇదే. కానీ కారంతో చెబితే గానీ నాకు ఎక్కలేదు. నొప్పి లేదని ఇన్నాళ్లూ సంబరపడ్డాను. ఆ రోజు మొదటిసారి నాకు భయమేసింది. వేలు పోతే పోయింది అనుకునే మనిషినే. కానీ కాలు పోతే కల్లంలోకి నన్నెవరు మోసుకెళతారు? మంచంలో కూర్చుని కోడలు పెట్టింది తినే బతుకు నాది కాదు. అది ఆ అమ్మాయితో అన్నాను కూడా. ఇంట్లోవాళ్లతో అనలేదు.

"నిన్ను మంచంలో కూర్చోబెట్టడానికా నేనింత చాకిరీ చేసేది? నడిపిద్దామనే. కానీ ఉత్త కాళ్లతో కుదరదు. ఇంట్లోనైనా, కల్లంలోనైనా" అంది.

"ఇంట్లో వేసుకుంటాను. కల్లంలో వేసుకోను."

"అదేంటి మామ్మా!"

"అదంతే."

ఆ అమ్మాయి వాదించలేదు. తన సంచి సర్దుకుని వెళ్లిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

ఆ తరవాత కల్లం అంచున వేపచెట్టు కింద మంచం వేయించుకుని, అక్కడి నుంచే కేకలు పెడుతూ పని చేయించేదాన్ని. రెండో కోత కాయలు పరిచి ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. ఆరిన కాయ మీద చినుకు పడితే మచ్చ పడుతుంది, మచ్చ పడిన కాయను ఎవరూ ముట్టుకోరు. మా అబ్బాయి, కూలీలు పరుగులు పెడుతూ కాయల్ని కుప్ప చేస్తున్నారు. నా కంటికి వాళ్లు నత్తల్లా కదులుతున్నట్టుంది. ఇక ఆగలేక లేచి, కట్టున్న కాలు పట్టా మీద పెట్టబోయాను.

"మామ్మా! ఆగక్కడే!"

వెనకాల నర్సు. బండి స్టాండు కూడా సరిగ్గా వెయ్యకుండా దూకినట్టుంది, అది పక్కకు వాలిపోతోంది. చేతిలో ఒక కవరు. అందులోంచి కొత్త చెప్పులు తీసింది. షుగరున్న వాళ్లు వేసుకునే మెత్తటివి, వెనక పట్టీ ఉన్నవి.

"నా ప్రాణం పోయినా కల్లంలో చెప్పులెయ్యను" అన్నాను.

"కట్టుతో వెళ్లొచ్చా?"

"కట్టుకేం, గుడ్డేగా."

"ఇదీ కట్టే. అడుగు మందంగా ఉన్న కట్టు. కొట్లోంచి నా బండి డిక్కీలోకి వచ్చింది, డిక్కీలోంచి ఇక్కడికి వచ్చింది. మట్టి మొహం చూడలేదు. ఇవి రోడ్డెక్కవు, ఇంట్లోకి రావు. కల్లంలోనే ఉంటాయి. సరేనా?"

అంటూనే డ్రమ్ములో నీళ్లు ముంచి వాటిని కడిగింది, చున్నీతో తుడిచింది. మోకాళ్ల మీద కూర్చుని నా కాళ్లకు తొడిగి పట్టీలు బిగించింది. నేను వద్దనే లోపు అయిపోయింది. ఆ వంకర మాటకు సమాధానం వెతికే తీరిక కూడా లేదు, మబ్బు అట్లా ఉంది. నేను కల్లంలోకి నడిచాను. కూలీలంతా చేతిలో పని ఆపి నా కాళ్ల వైపే చూశారు. "ఏంటి చూస్తున్నారు? అవతల వాన వస్తుంటే!" అని అరిచాను.

వెనక్కి తిరిగి చూస్తే, ఆ అమ్మాయి పట్టా అంచున తన చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఉత్త కాళ్లతో లోపలికి వస్తోంది. పట్టా వేడికి కాళ్లు ఎత్తెత్తి వేస్తోంది.

"నాకు తొడిగి నువ్వు విప్పావేమే?"

"నా కాళ్లకు తెలుసుద్ది మామ్మా. ముల్లు గుచ్చుకుంటే ఊరంతా వినపడేట్టు అరుస్తా. మా అమ్మ ఈ కల్లంలో ఏనాడూ చెప్పులేసుకోలేదు, నేనూ వేసుకోను. నువ్వు మాత్రం విప్పావంటే ఊరుకోను" అని, చున్నీ మూతికి కట్టుకుని మా కోడలితో కలిసి పట్టా రెండో అంచు పట్టుకుంది.

వాళ్లమ్మ వంగి కాయలేరేటప్పుడు ఇట్లాగే కొంగు మూతికి కట్టుకునేది. ఆ వెనకటి మనిషే వచ్చి నిలబడ్డట్టు అనిపించింది నాకు. నాలుగు చినుకులు రాల్చి మబ్బు వెళ్లిపోయింది. కాయ తడవలేదు. ఆ రోజు కట్టు కట్టించుకున్నాక ఆ అమ్మాయిని వంటింట్లోకి పిలిచి, మా కోడలి పక్కన పీట వేసి అన్నం పెట్టాను.

గుంటూరు వెళ్లే రోజు వచ్చింది. డాక్టరు కట్టు విప్పి, నొక్కి, వాసన చూసి, ఎక్స్‌రే తీయించి చూశాడు. ఎముక దాకా పోలేదు, వేలు తియ్యక్కర్లేదు అన్నాడు. "ఎవరమ్మా కట్టు కట్టింది? చక్కగా కట్టారు" అని కూడా అన్నాడు. మా ఊరమ్మాయి అని చెప్పాను. కారెక్కగానే ఆ అమ్మాయికి ఫోన్ కలిపించుకున్నాను. విషయం వినగానే ప్రార్థన చేసింది. నాకు ఆ ప్రార్థనలు తెలియవు. అయినా అయిపోయేదాకా ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాను.

చెప్పులకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మా ఇంట్లో వాడకానికి తాలుకాయలే వాడతాం. మంచివి అమ్మకానికి గుంటూరు మిర్చి యార్డుకు పోతాయి. ఆ సారి యార్డుకు పోవాల్సిన కాయల్లోంచి నా చేత్తో ఏరి, తొడిమలు తీసి, సంచి నింపి పంపించాను. మా అబ్బాయి ఆ సంచి వైపు, నా వైపు చూసి, "అమ్మా, నీకు ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

పుండు మానింది. స్పర్శ మాత్రం రాలేదు, రాదట. పొద్దున్నే మంచం మీద కూర్చుని చేతి అద్దంలో అరికాళ్లు చూసుకోవడం ఆ అమ్మాయి నేర్పింది, చూసుకుంటున్నాను. ఈ ఏడు కాయలు కల్లానికి వచ్చిన మొదటిరోజే ఆ చెప్పులు కడిగి వేసుకున్నాను. మొన్న సాయంత్రం విప్పి చూస్తే, అడుగున తుమ్మముల్లు విరిగి ఉంది. పారెయ్యకుండా కాగితంలో చుట్టి పెట్టాను.

నిన్న ఆ అమ్మాయి పక్కింటి బాలింతను చూడ్డానికొచ్చి మా ఇంట్లోకీ తొంగిచూసింది. ముల్లు చూపించాను. తిప్పి తిప్పి చూసింది. కింద కూర్చుని, "ఏదీ కాలు" అంది. ఇప్పుడు పుండు లేదు, ఒళ్లో తువ్వాలూ లేదు. అయినా ఇచ్చాను. వంగి భుజం తాకి కళ్లకద్దుకున్నాను.

"ఇంకా మానలేదా మామ్మా ఈ అలవాటు?"

"నువ్వు మా కల్లంలో చెప్పులు విప్పడం మానావా?"

నవ్వింది. నవ్వుతూనే బొటనవేలు పట్టుకుని గోరు పక్కన నొక్కి చూస్తోంది. నాకేమీ తెలియడం లేదు. తనకు తెలుస్తుంది కదా అని కాలు అట్లాగే వదిలేశాను.