దీనక్క చూసిన సముద్రం

దయ్యాలు, పూనకాలు, చేతబడులు అని ఎవరైనా నా ముందు మొదలుపెడితే నేను లేచి వెళ్ళిపోతాను. ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేశాను. ప్రాణం పోయిన మనుషులను ఈ చేతులతోనే తుడిచి, కళ్ళు మూసి, గుడ్డ కప్పి పంపించాను. ఒక్కరు కూడా తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. కాబట్టి ఇది దయ్యాల కథ అనుకుని ఎవరూ దగ్గరికి జరగనక్కర్లేదు. ఇది మా అక్కకు జరిగిన అన్యాయం. అందులో నాకు ఇప్పటికీ అంతుపట్టని సంగతి ఒకటుంది.

మా అక్క పేరు దీనమ్మ. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. పాతబస్తీలో ఒక గల్లీలో, ఖైరున్నిసా బేగం గారి ఇంటి పైభాగంలో మేం అద్దెకుండేవాళ్ళం. అన్న ప్రకాశం, వదిన, అక్క, నేను. అన్నకు సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం. కింద బేగం గారి లక్క గాజుల కార్ఖానా. అక్క అందులో గాజులకు రాళ్ళు పొదిగేది. వేడి లక్క గట్టిపడేలోపు నువ్వుగింజంత అద్దం ముక్కను సరిగ్గా దాని చోట కూర్చోబెట్టాలి. చెయ్యి కొంచెం వణికినా గాజు పాడవుతుంది. అక్క చెయ్యి వణకడం నేనెప్పుడూ చూడలేదు.

అక్కకు చదువు రాదు. సికింద్రాబాద్ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. సముద్రం సంగతి దేవుడెరుగు, హుస్సేన్ సాగర్ చూసిందే రెండుసార్లు.

డెబ్బైల చివర్లో నాకు షార్జాలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. మా క్వార్టర్స్ నుంచి పది నిమిషాలు నడిస్తే సముద్రం. వెళ్ళిన మూడో రోజు సాయంత్రం మొదటిసారి చూశాను. మన దగ్గర పొద్దు మిద్దెల వెనక్కి జారిపోతుంది, అంతే. అక్కడ ఎదురుగా, అడ్డం ఏమీ లేకుండా, అంత పెద్ద పొద్దు నీళ్ళను తాకింది. తాకగానే అడుగుభాగం కుండలాగా సాగింది. వెనక మసీదులో మగ్రిబ్ అజాన్ మొదలైంది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు.

ఆ రోజు నుంచి పగటి డ్యూటీ ఉన్నప్పుడల్లా వెళ్ళేదాన్ని. వచ్చాక ఒక చిన్న నోటుపుస్తకంలో ఒక్క ముక్క రాసుకునేదాన్ని. "దుమ్ము. పొద్దు తెల్లగా, నీళ్ళు తాకకముందే మాయం." "వాన వెలిసింది. సముద్రం వంకాయ రంగు." ఇట్లా.

ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం ఈ మాట ఎత్తేదాన్ని కాదు. మొదట్లో ఒకసారి రాస్తే, ఆడపిల్లకు సాయంత్రంపూట సముద్రం ఒడ్డున ఏం పని అని అన్న కోప్పడుతూ జవాబు రాశాడు. ఆ తర్వాత వార్డు గురించి, తిండి గురించి, చర్చి గురించి రాసేదాన్ని. ఈ సంగతి గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, "నీ ఉత్తరాలు విని చెప్పి ఉంటుందిలే" అని తేల్చేసే తెలివైనవాళ్ళు చాలామంది తగిలారు నాకు. విని చెప్పడానికి వాటిలో ఏమీ లేదు.

రెండేళ్ళకు సెలవు మీద వచ్చాను. మెట్లెక్కి పైకి వెళ్ళేసరికి అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. లేవలేదు. రెండు మణికట్ల మీదా నల్లటి గీతలు. నీళ్ళ గ్లాసు ఎత్తబోతే కుడిచెయ్యి వణికింది. గ్లాసు జారి పడింది.

"ఇప్పుడు నయమైందిలే చెల్లే," అన్నాడు అన్న. "మొన్నటిదాక మస్తు లొల్లి."

ఆ లొల్లి ఏమిటో నాకు చెప్పింది బేగం గారు. నేను వెళ్ళిన వారానికే మొదలైందట. రాత్రి ఇషా అజాన్ అయిన కాసేపటికి అక్క మిద్దె మీదికి వెళ్ళి, చీకట్లో పడమటివైపు చూస్తూ కూర్చునేది. "గంత పెద్ద పొద్దు ఎన్నడు జూడలే. నీళ్ళల్ల మునుగుతున్నది," అనేది. పొద్దు మునిగి గంట దాటాక, కటిక చీకట్లో. మా వదిన హడలిపోయింది. అన్న కసిరాడు, గదిలో పెట్టి గొళ్ళెం వేశాడు. గొళ్ళెం వెనకనుంచి కూడా అక్క చెప్పేదట.

చివరికి అన్న ఎక్కడినుంచో ఒక మనిషిని పట్టుకొచ్చాడు. ఉపవాస ప్రార్థనలు చేసి దురాత్మలను వెళ్ళగొడతాడట. అతను మా అక్కను మూడు రోజులు కుర్చీకి కట్టేయించాడు. తిండి లేదు. కిటికీకి దుప్పటి. జనుపతాడుతో మణికట్లు బిగించి కట్టింది ఎవరో కాదు, మా అన్నే. మూడో రోజు బేగం గారు తలుపు బాది, పోలీసులను పిలుస్తానని అరిచి విప్పించారు. అప్పటికే ఆ కుడిచేతి వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఇరవై ఏళ్ళు రాళ్ళు పొదిగిన చెయ్యి అది. నేను నర్సును. ఆ చెయ్యి పట్టుకుని చూడగానే తెలిసింది, ఇక మళ్ళీ మామూలు కాదని.

ఇదంతా జరుగుతుంటే నాకు ఒక్క ముక్క రాయలేదు. ఇంటి పరువట.

బేగం గారు అల్మారాలోంచి ఒక కాగితాల కట్ట తీశారు. రోజుకొకటి చింపే ఉర్దూ క్యాలెండరు కాగితాలు. ముందువైపు తేదీ, వెనకవైపు పెన్సిల్‌తో రాత.

"నీ అక్కకు పిచ్చి లేదు బేటీ. జూటా మాట చెప్పే మనిషి కాదు. అందుకే రోజు పైకొచ్చి ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టిన. నువ్వొస్తే అడుగుదామని."

నేను నా నోటుపుస్తకం తెచ్చాను. కార్ఖానాలో చాప మీద కూర్చున్నాం. ఆమె తేదీ చెప్పి ఉర్దూలో రాసింది చదువుతుంటే, నేను నా పుస్తకంలో ఆ తేదీ వెతికాను.

"పొద్దు తెల్లగ ఉన్నది, పాలల్ల ముంచినట్టు. నీళ్ళదాంక రానేలేదు." నా పుస్తకంలో దుమ్ము రోజు అది.

"రెండు ముక్కలయింది. పైముక్క కిందముక్క మీద కూసున్నది." నేనూ అదే రాసుకున్నాను. అట్లాంటి పొద్దు అక్కడ ఉన్నన్నాళ్ళలో ఒక్కసారే చూశాను.

"నల్ల పడవ పొద్దులకెల్లి పోయింది." నా పుస్తకంలోనూ ఉంది.

అక్క ఏ వేళకు చెప్పిందో కూడా బేగం గారు చలికాలంలో ఏడు దాటగానే అని రాశారు. ఎండాకాలంలో ఎనిమిదిన్నర అని. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. షార్జాలో పొద్దు మునిగే వేళతో వేళ్ళ మీద లెక్కవేసుకుని చూశాను. సరిపోయింది. మధ్యలో ఒక వారం మాత్రం "ఈరోజు ఆలస్యం, నా వంట కూడా అయిపోయింది" అని వరసగా ఉంది. ఆ వారం నేను తోటి నర్సు పెళ్ళికి బహ్రెయిన్ వెళ్ళాను. మన గడియారంతో చూస్తే అక్కడ పొద్దు ఇంకాస్త ఆలస్యంగా మునుగుతుంది. బహ్రెయిన్ వెళ్ళినట్టు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నాకు సాయంత్రం డ్యూటీలు పడి ఒడ్డుకు వెళ్ళని రోజులకు కూడా కాగితాలున్నాయి. వాటిని సరిచూడటానికి నా పుస్తకంలో ఏమీ లేదు కాబట్టి పక్కన పెట్టేశాను.

కాగితాలు, నోటుపుస్తకం రెండూ పట్టుకుని పైకి వెళ్ళి అన్న ముందు పడేశాను. బేగం గారు చదివిన మాట, నా పుస్తకంలోని మాట పక్కపక్కన పెట్టి వినిపించాను. అంతా విని ఏమన్నాడో తెలుసా?

"సైతాను గూడ నిజం జెప్తది చెల్లే."

"చేతులు కట్టింది సైతాను కాదు. నువ్వు," అన్నాను. "మాఫీ అడుగు."

అడగలేదు. నన్నే బయటికి పొమ్మన్నాడు. ఆదివారం చర్చిలో మొదటి వరసలో నిలబడి గొంతెత్తి పాడాడు. అది చూసినప్పుడు నా ఒళ్ళు మండిన మంట ఇన్నేళ్ళయినా చల్లారలేదు. చర్చి పెద్దలకు చెప్పుకుంటే, ఇంటి గొడవలు ఇంట్లోనే తీర్చుకోమన్నారు. నాతో పనిచేసిన ఒక డాక్టరు మాత్రం ఏవో ఇంగ్లీషు పేర్లు చెప్పి, ఇట్లాంటివి అక్కడక్కడా ఉంటాయి అని చేతులు దులుపుకున్నాడు. పేరు పెడితే అర్థమైపోయినట్టేనా?

నేను తిరిగి షార్జా వెళ్ళలేదు. నగరంలోనే ఉద్యోగం చూసుకుని, సైదాబాద్‌లో రెండు గదులు తీసుకుని అక్కను తెచ్చుకున్నాను. ఆ మూడు రోజుల తర్వాత అక్క పొద్దు మాట ఎత్తడం మానేసింది. నేనూ అడగలేదు. నా మనసులో మాత్రం నాకొక సమాధానం ఉండేది. అక్కకు నేనంటే ప్రాణం, ఆ ప్రేమతో నా కళ్ళలోంచి చూసి ఉంటుంది అని. బేగం గారికి కూడా అదే చెప్పాను, కొంచెం గర్వంగానే.

నెల తిరక్కముందే ఒక సాయంత్రం ఇద్దరం అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాం. అక్క ఎడమచేత్తో వలుస్తోంది. ఇషా అజాన్ ముగిసింది. కాసేపటికి అక్క తల పడమటికి తిప్పింది. అటువైపు ఎదురింటి గోడ తప్ప ఏమీ లేదు.

"ఇయ్యాల మొత్తం మబ్బే," అంది. "అంచులకు మాత్రం బంగారం బూసినట్టున్నది. ఎవ్వరు లేరు ఒడ్డుకు."

నేను ఇక్కడ, ఆమె పక్కనే ఉన్నాను.

"అక్కా, నేను ఈడనే ఉన్న గద. మరి ఎవరి కండ్లతోని జూస్తున్నవే?"

అక్క చేతిలోని చిక్కుడుకాయను చేటలోకి విసిరికొట్టింది. అంత కోపం ఆమె మొహంలో నేనెప్పుడూ చూడలేదు, మణికట్ల మీద గాయాలతో ఉన్నప్పుడు కూడా.

"ఎవరి కండ్లేంది? అన్నేమో సైతాను కండ్లన్నడు. నువ్వేమో నీ కండ్లంటున్నవ్. నాకు కండ్లు లేవా? నేను జూసిన్నని ఒక్కలన్న అన్నరా మీరు?"

ఆ రాత్రి పక్కన పెట్టేసిన కాగితాలు మళ్ళీ తీశాను, నేను వెళ్ళని రోజులవి. ఉర్దూ నాకు రాదు. కానీ వాటి మీదా అదే నిండు రాత, ఒక్క రోజు కూడా ఖాళీ లేదు.

ఆమె ఎట్లా చూసిందో నాకు తెలియదు. తెలుసని చెప్పేవాళ్ళను నమ్మను. అక్క బతికి ఉన్నన్నాళ్ళూ ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. అజాన్ అయ్యాక ఆమె తల తిప్పినప్పుడు, "ఎట్లున్నదే?" అని మాత్రం అడిగేదాన్ని.

చెప్పేది.