ఐసీయూ తలుపు బయట సుశీల

సుశీల పద్దెనిమిదేళ్లుగా బాపట్లలో ఒక ఆసుపత్రి ఆపరేషన్ వార్డులో ఆయమ్మ. పెద్ద ఆపరేషనైన ముసలివాళ్లు ఉన్నట్టుండి మతి తప్పి కేకలెయ్యడం ఎన్నిసార్లు చూసిందో! చూసి చూసి తనంతట తానే కొన్ని నేర్చుకుంది. మెలకువ రాగానే కళ్లజోడు పెట్టేది, కిటికీ తెరిచేది, "ఇయ్యాళ మంగళారం బాబాయ్, పొద్దున తొమ్మిదైంది" అని చెప్పేది, చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపించేది. ఆమె డ్యూటీలో ఉంటే పెద్దవాళ్లు కుదురుగా ఉంటారని డాక్టర్లే అనేవారు.

మొన్న వేసవిలో ఆమె భర్త సుందరయ్యకు పేగులో గడ్డ ఉందన్నారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, రేపల్లె బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. చెవిలో మిషన్ లేకపోతే పిడుగు పడ్డా వినపడదు. తెనాలిలో ఆపరేషన్ చేశారు. లోపలికి తీసుకెళ్లే ముందు మిషనూ కళ్లజోడూ తీసి ఆమె చేతిలో పెట్టారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఐసీయూ తలుపు దగ్గర సుశీల నర్సు వీణను బతిమాలింది.

"చెవి మిషనన్నా పెట్టండమ్మా. మాట వినపడకపోతే బెదిరిపోతాడు. నన్ను పది నిమిషాలు కూర్చోనివ్వండి, నేనూ ఆసుపత్రి మనిషినే."

"వస్తువులు పోతే మా మీదకొస్తుంది పిన్నిగారూ. రేపు సాయంత్రం ఐదింటికి చూద్దురుగాని."

పన్నెండు మంచాలకు నర్సులు ఇద్దరే. వీణ అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.

రెండో రోజు సాయంత్రానికి సుందరయ్య చేతులు రెండూ మంచానికి కట్టేసి ఉన్నాయి. గొట్టాలు పీకేసుకున్నాడట. నిద్రకు ఇంజెక్షన్ ఇచ్చారట. "రేపల్లె వచ్చింది, దిగండి దిగండి" అని అరుస్తున్నాడు. ఆమె మిషన్ చెవిలో పెట్టి, "నేనండి, సుశీలని" అంది.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "టికెట్ తీసుకున్నావా అమ్మా?"

మూడో రోజు డాక్టరు ప్రియాంక కట్లు విప్పించి, సుశీలను పక్కనే ఉండనిచ్చింది. "చాలామందికి తగ్గిపోతుందండి. కొందరికి పూర్తిగా తగ్గదు" అని దాచకుండా చెప్పింది. ఇన్నాళ్లూ ఊరివాళ్లందరికీ చేసినవన్నీ సుశీల ఆయనకూ చేసింది. రెండు రోజులు ఆలస్యంగా చేసింది.

ఏడు నెలలైంది. కుట్లు మానాయి. సుందరయ్య తింటాడు, నడుస్తాడు. సుశీల ఉద్యోగం మానేసి బాపట్లలో ఇంటిపట్టునే ఉంటోంది. పూట పూటకీ ఆయన గుమ్మంలోకి వచ్చి, "మా ఆవిడ ఇంకా రాలేదేంటమ్మా?" అని ఆమెనే అడుగుతాడు. మొదట్లో "నేనేనండి" అని ఏడ్చేది. ఇప్పుడు ఏడవడం లేదు.

"వస్తుందండి, కూర్చోండి" అంటుంది.