సింహం నడుముకు కట్టిన తాడు

మా ఊరి కూత్తులో సింహం వేషానికి నడుముకు తాడు కడతారు. వీధినాటకాన్ని మా వైపు కూత్తు అంటాం. నటించే మనిషికి తాడేమిటని నవ్వేవాళ్ళు ఒక్కసారి వచ్చి మా చిన్నాయనను చూడాలి. పది రోజులు ఒంటిపూట తిని, నేల మీద పడుకుని, కొయ్య మొగం తగిలించుకున్నాక ఆయన మా చిన్నాయన కాడు. స్తంభం చీల్చుకుని వచ్చి రాక్షసరాజు గుండెల మీదికి దూకుతాడు. ఆ రాజు వేషం మా నాయనది. పద్దెనిమిదేళ్ళుగా తమ్ముడు అన్నను చంపుతూనే ఉన్నాడు, ఊరు చేతులు జోడించి చూస్తూనే ఉంది.

పాపిరెడ్డిపట్టి దగ్గర పల్లె మాది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కూత్తు కూడా తమిళంలోనే. నేను ధర్మపురిలో ఒక స్టూడియోలో పెళ్ళి వీడియోలు తీసేవాణ్ణి. ఊరూరా సీడీ ప్లేయర్లు దిగిన రోజులవి. ఈ ఏడు మన కూత్తును సీడీ చేస్తానని ఊరంతా గొప్పలు చెప్పుకుని, స్టూడియో కెమెరా భుజాన వేసుకుని టౌన్ బస్సు దిగాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. అదే నేను.

ఆ ఏడే నాయనకూ చిన్నాయనకూ బావి నీళ్ళ దగ్గర చెడింది. ఒకరోజు కర్రలు కూడా లేచాయి. అప్పటి నుంచి ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఎదురుపడితే ఒకరు దారి మార్చుకోవాల్సిందే. అయినా వేషాలు మార్చుకోలేదు. దేవుడికి ఒప్పుకున్న వేషం, కోపం వచ్చిందని మానేస్తే ఊరుకుంటారా?

ఆ పొద్దున అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఈ యేడు నాకు గుబులుగా ఉండాదిరా. పూనకమొస్తే మీ చిన్నాయన కోపమంతా ఆ గోళ్ళలోకి దిగుతాది. నువ్వు ఆడనే ఉంటావు కదా. తాడు గట్టిగా ఉండాదో లేదో చూడు నాయనా."

"నువ్వూరుకోమ్మా. నేను చూసుకుంటా" అన్నాను. 

కూత్తు నేర్పే పెద్దాయనను వాద్యారు అంటాం. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎన్ని అడుగులు వేయాలో అన్నీ ఆయనే పెడతాడు. మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరినీ పిలిచాడు. చిన్నాయన నడుముకు మా తాత కాలంలో ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిలకు వాడిన లావుపాటి మోకు కట్టి, వెనక నలుగురిని నిలబెట్టి, బిగిసేదాకా ముందుకు నడిపించాడు. చేతులు చాపమన్నాడు. తగరపు గోళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసి, అక్కడికి జానెడు అవతల ముగ్గుపిండితో గీత గీసి నాయనను నిలబెట్టాడు.

"గోరు తగలకూడదు. తగిలినట్టు జనానికి కనపడాల. జానెడు చాలు" అన్నాడు.

నాయన ఆకాశం చూశాడు, చిన్నాయన నేల చూశాడు. నాకు మాత్రం ఆ జానెడు చాలా చిన్నదిగా కనిపించింది.

తర్వాత నేను కెమెరా నిలబెట్టి కన్ను పెట్టాను. ఇంకేముంది! స్తంభం వెనకాల లుంగీలు, బనియన్లు, అందులో ఒకాయన నోట్లో బీడీ. నాకు ఒళ్ళు మండింది.

"దేవుడి వెనకాల బీడీ ఏందన్నా? మీరు నలుగురూ తెర వెనక్కి పోండి."

"తెర వెనక్కి పోతే తాడు చాలదు కదప్పా" అన్నాడు బీడీ ఆయన.

షామియానా వాళ్ళ దగ్గర మిగిలిన నైలాన్ తాడు తెచ్చి మోకుకు ముడేశాను. అంతా కలిపి కొలిచాను. లెక్క ఎక్కడా తప్పలేదు, గీతకు జానెడు దూరం అలాగే ఉంది.

"వాద్యారును అడిగినావా?"

"అడిగినా. సరే అన్నాడు."

పచ్చి అబద్ధం. వాద్యారు అప్పుడు లోపల మొగాలకు రంగులు పూస్తున్నాడు. పాత మోకుకు నైలాన్ ముడేస్తే జారుతుందని మా ఊళ్ళో దూడను కట్టే పిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. రెండుసార్లు లాగి చూసి, చాల్లే అనుకున్నాను.

సందెవేళ అయింది. ఆ ఘట్టం ఎప్పుడూ ఆ వేళకే. మద్దెల వేగం పెరిగింది. స్తంభానికి చుట్టిన కాగితం చీలి సింహం బయటికి దూకింది. "గోవిందా" అని జనం అరిచారు. తాడు బిగిసింది, సింహం గీత ముందు ఆగి గోళ్ళు ఆడించి వెనక్కి తగ్గింది. రెండోసారి కూడా అంతే. నా కంటికి బొమ్మ దివ్యంగా ఉంది. లుంగీలు లేవు, బీడీ లేదు, దేవుడొక్కడే.

మూడోసారి ముడి జారింది.

తెర వెనక నలుగురూ వెల్లకిలా పడ్డ చప్పుడు విన్నాను. మోకు చివర నేల మీద ఈడ్చుకుంటూ రావడం కెమెరాలో చూశాను. ముందుకు తూలిన చిన్నాయన ముగ్గు గీత దాటేశాడు. నాయన కూడా ఆ మోకు చివరను చూశాడు. పక్కకు తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. ఎందుకో నాకు తెలియదు. ఇద్దరూ కలిసి పడ్డారు. చిన్నాయన పైన, నాయన కింద. అట్ట కవచం పరపరా చిరిగింది. తగరపు గోళ్ళు నాయన రొమ్ము మీద ఉన్నాయి, ఇంకా దిగుతున్నాయి.

నేను రెండు బారల దూరంలో ఉన్నాను.  అయినా కన్ను తీయలేదు. తీయకపోగా, జూమ్ నొక్కాను.

అప్పుడు ఆ కొయ్య మొగం లోపలి నుంచి మాట వినిపించింది. అంతసేపూ తమిళంలో గర్జించిన నోరు తెలుగులో మాట్లాడింది.

"అన్నా, తాడు లేదు. నన్ను పట్టుకో."

ఎన్నో నెలల తర్వాత తమ్ముడి నోట అన్నా అనే మాట అది. నాయన రెండు చేతులూ పైకెత్తి ఆయన మణికట్లు పట్టుకున్నాడు.

"పట్టుకున్నాలే. భయపడొద్దు" అన్నాడు.

చిన్నాయన ఒళ్ళంతా చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోతోంది. వాద్యారు కర్పూరం పట్టుకుని పరిగెత్తుకొచ్చి మొగం ఊడదీసేదాకా నాయన ఆ చేతులు వదల్లేదు. జనానికి అదీ ఆటలో భాగమే అనిపించింది, ఈలలు వేశారు. వాద్యారు మాత్రం మోకు చివర చూశాడు, నన్ను చూశాడు, వచ్చి చెంప పగలగొట్టాడు. ఇంకా రెండు తగిలించినా నాకు సరిపోయేది కాదు.

పదిహేను రోజులకు సీడీ వచ్చింది. మా ఇంట్లో టీవీ ముందు ఊరు సగం కూర్చుంది. నాయన రొమ్ము మీద పసుపు పూసిన గీతలు నాలుగు ఇంకా మానలేదు. ఆ ఘట్టం వచ్చింది. సీడీలో మద్దెల మోత తప్ప మాటలేమీ వినిపించలేదు. సింహం గోళ్ళు, నాయన మొగం, పట్టుకున్న చేతులు, అంతే.

"ఏం చెయ్యిరా నీది!" అన్నాడు మా మామ. "ఇంత గలాటాలో బొమ్మ ఒక్కతూరి కూడా కదల్లేదు సూడు."

నాయన టీవీ మీద నుంచి చూపు తిప్పి నా చేతులకేసి చూశాడు.

"అవును. కదల్లేదు" అన్నాడు.

లేచి బయటికి పోయాడు. అమ్మ నా వైపు చూడకుండానే చాప చుట్టడం మొదలుపెట్టింది. ఆ సీడీ మా ఇంట్లో మళ్ళీ వేయలేదు.

బావి తగువు తీరిందా అని అడక్కండి, తీరలేదు. మరుసటి ఏడు కూత్తుకు నేను కెమెరా తేలేదు. లుంగీ కట్టుకుని, బనియన్ వేసుకుని, నలుగురిలో ఒకడిగా స్తంభం వెనక నిలబడ్డాను. వాద్యారు కొలత తీస్తుంటే చిన్నాయన నేల మీద నుంచి తలెత్తాడు.

"అన్నా, తాడెవురు పట్టుకుంటా ఉండారు?" అని అడిగాడు.

"వాడే" అన్నాడు నాయన.

చిన్నాయన వెనక్కి తిరిగి నన్ను కాసేపు చూశాడు. తర్వాత కొయ్య మొగం తగిలించుకున్నాడు. సందెవేళ ఆయన లాగిన మొదటి లాగుకే నా అరచేతుల తోలు లేచిపోయింది. నేను వదల్లేదు.