నడుముకు గుచ్చుకోని బెల్టు

తెల్లారి లేవగానే అల్వా స్టిడమ్ మొదట చేసే పని మంచం కోడుకు తగిలించిన తోలు బెల్టు తీసి నడుముకు బిగించుకోవడం. కాఫీ అయినా ఆ తర్వాతే. ఆ బెల్టు ఆయన భార్య ఓమా కుట్టింది. రెండు పొరల తోలు, లోపలివైపు మెత్తటి ఉన్నిగుడ్డ, అంచుల వెంట ఎర్రదారం. ఒకచోట కుట్టు వంకర పోయింది. అక్కడ సూది వేల్లో దిగిందనీ, ఓమా పెట్టిన కేకకు వాగు అవతలి కుక్కలు కూడా లేచాయనీ అల్వా ఇప్పటికీ చెబుతాడు. ఓమా పోయి తొమ్మిదేళ్లయింది. బెల్టు మాత్రం చెక్కు చెదరలేదు. కుడిపక్కన దానికి పిస్తోలు లేకపోతే ఆయనకు చొక్కా లేకుండా వీధిలోకి వచ్చినట్టుంటుంది.

కెంటకీ కొండల్లో లిక్ ఫోర్క్ వాగు పక్కన నేపియర్ వాళ్ల తుపాకుల కొట్టు ఉంది. బొగ్గు గనిలో నడుం విరగ్గొట్టుకుని, ఇక ఎందుకూ పనికిరానని ఇంట్లో గోడలు చూస్తున్న అల్వాను ఆ కొట్టు పెద్దాయన హోబర్ట్ నేపియర్ పిలిచి పని ఇచ్చాడు. ఆ బల్ల వెనక అల్వా ఇరవై ఎనిమిదేళ్లు నిలబడ్డాడు. చిన్న పిస్తోలు కొనాలంటే మూడు లోయల అవతలి వాళ్లు కూడా ఆయన్నే అడగడానికి వచ్చేవారు. వచ్చినవాడు మెరిసేదాన్ని చూసి మురిసిపోతుంటే అల్వా ఊరుకునేవాడు కాదు.

"ఏంట్రా, ఇది నడుముకు కట్టుకోడానికా, బావమరిదికి చూపించి ఏడిపించడానికా?" అనేవాడు. "ముందు వారం రోజులు ఖాళీదే కట్టుకు తిరుగు. చర్చి బెంచీ మీద కూర్చో. వంగి బూట్ల లేసులు కట్టుకో. ట్రక్కు ఎక్కు, దిగు. వారం తర్వాత కూడా అది నీ ఒంటి మీదే ఉంటే, అప్పుడు తూటాల సంగతి మాట్లాడదాం."

పిట్ట కొంచెం, కూత ఘనం. పిస్తోలు చిన్నదయ్యేకొద్దీ మోయడం తేలిక, కాల్చడం కష్టం. చిటికెనవేలికి చోటుండదు, అరచేతిలో గట్టిగా తంతుంది. పెద్దదైతే గురి బాగా కుదురుతుంది గానీ నాలుగో రోజుకు బీరువాలో పడి ఉంటుంది. ఈ రెంటి మధ్య ఎవరి చేతికి ఏది సరిపోతుందో అల్వా చెయ్యి పట్టుకుని చూసి చెప్పేవాడు, గాజులమ్మేవాళ్లు చెప్పినట్టు.

చివరి మాట మాత్రం పళ్లేనిది. అది హోబర్ట్ పెట్టిన కట్టుబాటు. ఏటా ఏప్రిల్‌లో, కొండమీద డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూసినప్పుడు, నడుముకు పిస్తోలు కట్టుకునే ప్రతివాళ్లూ కొట్టు వెనక మట్టిగట్టు దగ్గరికి రావాలి. ఏడు గజాల దూరంలో కేకుముక్క పెట్టుకునే చిన్న పేపరు పళ్లెం. ఐదు తూటాలు. ఐదూ పళ్లెంలో పడితే దాని మీద తేదీ వేసి కొట్టు గోడకు గుచ్చుతారు. ఒక్కటి తప్పినా పిస్తోలు ఇంట్లోనే ఉండాలి. "తప్పిపోయిన తూటా ఊరికే పోదు. ఎవరింటికో చుట్టమై పోతుంది" అనేవాడు హోబర్ట్. చట్టంలో అలాంటిదేం లేదు. అయినా ఆ లోయలో చట్టాన్ని దాటినవాళ్లున్నారు గానీ పళ్లేన్ని దాటినవాళ్లు లేరు.

ఆ హోబర్టే సాయంత్రాలు పొయ్యి చుట్టూ జనం చేరితే సైన్యంలో తన రోజుల కథలు చెప్పేవాడు. "మా పటాలంలో అందరికన్నా గురి ఎవరిదనుకున్నార్రా? మా సార్జంటు పెన్సిలుది! వాడు కాగితంలో పొడిచిన బెజ్జాలతో పాసైనవాళ్లే సగం మంది. కాకపోతే తూటా బెజ్జం చుట్టూ నల్లటి మసి ఉంగరంలా ఉంటుంది. పెన్సిలు బెజ్జానికి అదుండదు. పైవాళ్లు కళ్లజోడు పెట్టుకోకపోబట్టి బతికిపోయాం." అందరూ ఆ కథ వందసార్లు విన్నవాళ్లే, వందసార్లూ నవ్వినవాళ్లే.

ముప్పైనాలుగేళ్ల కింద ఒక ఏప్రిల్‌లో హోబర్ట్ తానే ఐదు తూటాలు కాల్చాడు. కళ్లలో పొర కమ్ముతున్న సంగతి ఎవరికీ చెప్పలేదాయన. పళ్లెం తేవడానికి అల్వా వెళ్లాడు. నాలుగే ఉన్నాయి. తనకు కూడుపెట్టిన మనిషి. గనివాళ్లంతా పక్కన పెట్టినప్పుడు పేరు పెట్టి పిలిచిన మనిషి. ఆయనకు నాలుగని ఎలా చెప్పడం? అల్వా గట్టువైపు తిరిగి, చెవి మీది పెన్సిలు తీసి, అంచు దగ్గర ఒక పోటు పొడిచాడు. "ఐదూ పడ్డాయి పెద్దాయనా" అని తెచ్చి ఇచ్చాడు.

హోబర్ట్ ఆ పళ్లెం చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అల్వా భుజం తట్టి, "మంచిదిరా అబ్బాయ్" అన్నాడు.

మర్నాటి నుంచి ఆయన నడుముకు పిస్తోలు లేదు. ఎవరడిగినా "బెల్టు తుంటికి గుచ్చుకుంటోందిరా, ముసలి ఎముకలు" అనేవాడు. అల్వా ఆ మాట నమ్మాడు. ఇంటికెళ్లి ఓమాకు చెప్పాడు. ఓమా అసలే జాలిగుండె మనిషి, రెండు వారాలు కూర్చుని లోపల ఉన్నిగుడ్డ వేసి, గుచ్చుకోమన్నా గుచ్చుకోని బెల్టు కుట్టింది. హోబర్ట్ దాన్ని ఒకసారి చుట్టుకున్నాడు. ఎర్రదారం వేలితో తడిమాడు. "ఓమా చేతిపని బంగారం. అయినా నాకు లాభం లేదురా. నువ్వే కట్టుకో" అని తిరిగి ఇచ్చేశాడు. అల్వాది సన్ననడుం కాబట్టి ఓమా ఇంకో నాలుగు బెజ్జాలు వేసింది, సణుక్కుంటూనే.

అవన్నీ మంచిరోజులు. ఆదివారం చర్చి అయ్యాక మొక్కజొన్న రొట్టె, ఉడకబెట్టిన బీన్సు, మట్టిగట్టు దగ్గర పిల్లలు ఖాళీ తూటా గుల్లలు ఏరుకోవడం, ఓమా నవ్వు. అల్వాకు ఇప్పుడు నిన్న తిన్నదేమిటో గుర్తుండదు గానీ ఆ ఆదివారాల్లో ఎవరు ఏ రంగు చొక్కా వేసుకున్నారో చెప్పగలడు.

కిందటేడు ఏప్రిల్‌లో ఆయన ఐదో తూటా పళ్లెం అంచును గీరుకుని, ఎలాగో లెక్కలోకి వచ్చింది. ఆ తర్వాత చేతివణుకు మొదలైంది. కాఫీ కప్పు పట్టుకుంటే సాసరు మీద టకటకలాడుతుంది. తూటా ఎక్కించడానికి పాత పిస్తోలు పైనున్న స్లైడు వెనక్కి లాగాలంటే వేళ్ల కీళ్లు కలుక్కుమంటాయి. ఇప్పుడు కొట్టు నడిపేది హోబర్ట్ మనవరాలు కార్లీన్. ఆమె ఇదంతా గమనిస్తూనే ఉంది.

"బాబాయ్, ఇది చూడు" అని మార్చిలో ఒక కొత్త చిన్న పిస్తోలు బల్ల మీద పెట్టింది. "స్లైడు వెన్నలా వస్తుంది. గురి చూసే చుక్క పెద్దది, నీ కళ్లకు బాగుంటుంది."

"తాతకు దగ్గులు నేర్పకే" అన్నాడు అల్వా. అన్నాడే గానీ చేతిలోకి తీసుకున్నాడు. ఖాళీగా ఉందో లేదో చూశాడు. మళ్లీ చూశాడు. చిటికెనవేలు కూడా పిడి మీదే ఆనింది. "ఊఁ" అన్నాడు. ఆయన నోట ఊఁ అంటే ఇంకొకరి నోట పొగడ్త కింద లెక్క.

ఎందరికో చెప్పిన పద్ధతే తానూ పాటించాడు. వారం రోజులు ఖాళీది. చర్చి బెంచీ మీద కూర్చుంటే ఒత్తుకోలేదు. వంగితే పొడుచుకోలేదు. టొమాటో నారుకు పాదులు చేస్తుంటే ఉన్న సంగతే మరిచిపోయాడు. ఈసారి పళ్లెం తప్పితే ఇక ఏ పిస్తోలూ వద్దని ఓమా ఫొటోకు చెప్పాడు. చెప్పాక భయమేసింది. పిస్తోలు పోతే పోయింది. పొద్దున్నే ఆ బెల్టు అందుకోవడానికి ఇక కారణమేముంటుందన్నదే ఆయన భయం.

ఏప్రిల్ వచ్చింది. డాగ్‌వుడ్ పూసింది. మోత తగలకుండా చెవులకు డిప్పలు పెట్టుకుని ముందు యాభై తూటాలు కాల్చాడు. ఒక్కటీ ఇరుక్కోలేదు. ట్రిగ్గరు మెత్తగా, ప్రతిసారీ ఒకేలా పడుతోంది. చేతిలో తన్నినా మర్యాదగా తన్నింది.

"పిస్తోల్లో వంక లేదే కార్లీన్" అన్నాడు. "కళ్లు మూసుకుని ఎవరికైనా చెప్పొచ్చు."

"మరి పళ్లెం పెట్టనా బాబాయ్?"

"పెట్టు."

ఐదు తూటాలు. మూడోది వెళ్తున్నప్పుడే చెయ్యి పక్కకు జరిగిందని ఆయనకు తెలుసు. పిస్తోలు ఖాళీ చేసి, స్లైడు తెరిచి బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. కార్లీన్ గట్టు దాకా వెళ్లింది. ఆయనవైపు వీపు పెట్టి కాసేపు నిలబడింది. పళ్లెం తీయడానికి పట్టే సమయం కంటే కాస్త ఎక్కువే పట్టింది.

"ఐదూ పడ్డాయి బాబాయ్!" నవ్వుతూ వచ్చింది. కళ్లు మాత్రం ఆయన కళ్లను చూడటంలేదు.

అల్వా కళ్లజోడు సర్దుకుని చూశాడు. నాలుగు బెజ్జాల చుట్టూ నల్లటి ఉంగరాలు. అంచు దగ్గర ఐదోదాని చుట్టూ ఏమీ లేదు. తెల్లగా, శుభ్రంగా ఉంది.

ఆయనకు ముందు ఒళ్లు మండింది. అంతలోనే నవ్వొచ్చింది. హోబర్ట్ ఈ పళ్లెం లాంటిదే చేతిలో పట్టుకుని అంతసేపు ఏం చూశాడో ఇప్పుడు అర్థమైంది. పెన్సిలు కథ చెప్పినవాడి దగ్గరే పెన్సిలు పోటా! హోబర్ట్‌కు ఆ క్షణమే తెలిసిపోయింది. తెలిసీ భుజం తట్టాడు. ఏ తుంటికీ ఏ బెల్టూ గుచ్చుకోలేదు. తనలాంటి ఒక వెర్రిబాగులవాడి మనసు నొప్పించలేక ముసలాయన బెల్టు మీద నెపం పెట్టాడు. తనేదో గొప్ప ఉపకారం చేశానని ముప్పైనాలుగేళ్లు మురిసిపోయాడే, అసలు ఉపకారం చేసిందెవరు?

కార్లీన్ ఇంకా ఆయన ముఖంలోకి చూడకుండానే నిలబడి ఉంది. ఆమె చొక్కా జేబులో పెన్సిలు.

"మంచిదమ్మా" అన్నాడు అల్వా. ఆమె భుజం తట్టాడు. "తేదీ వేసి గోడకు పెట్టు. పిస్తోలు మాత్రం నీ దగ్గరే ఉంచు, ఎవరైనా అడిగితే నేను బాగుందన్నానని చెప్పు."

"అదేంటి బాబాయ్? ఐదూ పడ్డాయిగా! నీకు నచ్చిందన్నావుగా!"

అల్వా నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. వేలికింద ఎర్రదారం కుట్టు వంకర తగిలింది. ఇన్నేళ్లలో ఆ బెల్టు మీద ఆయన ఒక్క మాట పడనివ్వలేదు.

"పిస్తోలు మంచిదేనే" అన్నాడు. "ఈ బెల్టే. ఈమధ్య తుంటికి గుచ్చుకుంటోంది."