మామగారు బిగించిన క్యారమ్ బోర్డు

డెబ్బైల్లో, మా పెళ్లయిన తొలి వేసవిలో, తిరువూరులోని అత్తవారింట్లో కొన్నాళ్లు ఉన్నాను. నాకు బెజవాడలో గుమాస్తా ఉద్యోగం. ఆఫీసు వదలగానే పక్క గదిలో క్యారమ్స్ ఆడేవాళ్లం. ఆ సంగతి మామగారికి ఎలా తెలిసిందో, నేను వెళ్లిన మధ్యాహ్నమే వరండాలో బోర్డు వేయించి, ఒక ఆట చూద్దామన్నారు.

మామగారికి మామిడి తోటలుండేవి. మనిషి మెత్తన, పట్టుదల గట్టి. ఆయన బోర్డు మాత్రం బాగా పాతది. చుట్టూ ఉన్న ఫ్రేము అరిగిపోయి, తగిలిన స్ట్రైకర్ అక్కడే చతికిలబడేది. పాకెట్లు ఎంత వెడల్పంటే, కాయిన్‌ని ఆ దిక్కుగా పంపితే చాలు, పడిపోయేది. మా ఆవిడ గుమ్మం దగ్గర పూలు కడుతూ చూస్తోంది కాబట్టి నేను ఇంకాస్త బలంగా కొట్టాను. వరసగా గెలిచాను.

ఒకరోజు మామగారు ఆట మధ్యలో ఆగి, పాకెట్లో చెయ్యి పెట్టి చూశారు.

"ఇందులో గుమ్మడికాయైనా పడుద్ది. ఇదేం ఆటండీ అల్లుడుగారూ," అన్నారు.

మర్నాడు పొద్దున్నే బోర్డు రిక్షా ఎక్కి వడ్రంగి దగ్గరికి వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి గుర్తుపట్టలేకపోయాను. పాత ఫ్రేము పీకించి, బండి చక్రాలకు వాడే తుమ్మచెక్కతో కొత్తది వేయించారు. నాలుగు పాకెట్లలోనూ నెలవంకల్లాంటి చెక్కముక్కలు అతికించి నోళ్లు కుదించారు. చిరిగిపోయిన వలల చోట అత్తగారు నూలుదారంతో కొత్తవి అల్లి కట్టారు. ఇది బోర్డా, బండా అని వడ్రంగి అడిగాడట. ఇద్దరం పడితేగాని లేవలేదు.

మామగారు పౌడర్ చల్లి, ఇప్పుడు కొట్టమన్నారు. అలవాటు కొద్దీ బలంగా కొట్టాను. స్ట్రైకర్ తుమ్మచెక్కకి తగిలి ఎగిరి, పక్కనే కందిపప్పు ఏరుకుంటున్న అత్తగారి చేటలో పడింది. ఆవిడ దాన్ని పైటకొంగుతో తుడిచి నాకిచ్చి, చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

మామగారి పనీ అంతే. ఆయన కొట్టిన కాయిన్ పాకెట్ అంచు తాకి, తిరిగొచ్చి నట్టనడుమ నిలబడింది. మరోసారి ఆయన స్ట్రైకరే పాకెట్ నోట్లో ఇరుక్కుంది. అది ఫౌలేనని నేను, లోపల పడలేదు గనక కాదని ఆయన. చాలాసేపు వాదించుకున్నాం. బోర్డు ఆయనది కాబట్టి రూలూ ఆయనదే అయింది. దీపాలు పెట్టే వేళకి కూడా ఒక్క ఆట తెమల్లేదు. ఇద్దరికీ వేళ్లు వాచాయి.

అప్పుడు మా ఆవిడ లేచొచ్చింది.

"నాన్నా, నేనొకసారి ఆడనా?"

నా ఎదురుగా కూర్చుంది. తను కొట్టలేదు, స్ట్రైకర్‌ని వేలితో అలా తోసిందంతే. కాయిన్ తొందరేమీ లేకుండా వెళ్లి, ఆ ఇరుకు నోట్లోకి చప్పుడు లేకుండా దిగింది. దాని వెనకే ఇంకొకటి. రెడ్ కూడా వేసేసింది. మా అమ్మాయిని చూశారా అన్నట్టు మామగారు నా వైపు గర్వంగా చూశారు. రెండో ఆట ఆయనతో ఆడి ఆయన్నీ ఓడించాక ఆ చూపు కాస్త తగ్గింది.

ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. గుంటూరులో, కాలేజీ హాస్టల్లోనట.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా," అంది. "అయినా మీరు ఆడుతుంటే చూడ్డం కూడా సరదాగానే ఉంది."

అది మెప్పో కాదో తేల్చుకోలేక, కాయిన్లు మళ్లీ మధ్యలో పేర్చాను.

మర్నాడు మామగారు, పాకెట్లు మళ్లీ కొంచెం వెడల్పు చేయిద్దామా అని నసిగారు. వద్దన్నాను. అప్పటిదాకా కాఫీ తేనా, నీళ్లు తోడనా అన్నవే తప్ప మా ఆవిడకీ నాకూ మధ్య పెద్దగా మాటల్లేవు. ఇప్పుడు మధ్యాహ్నమైతే ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. వేలు ఎలా పెట్టాలో చూపించేది, నా చెయ్యి మాట వినకపోతే నవ్వేది. సెలవు అయిపోయి బెజవాడ బస్సెక్కాక, మైలవరం దాటేదాకా హాస్టల్లో ఎవరెవరిని ఓడించిందో చెబుతూనే ఉంది. కిటికీ పక్క సీటు తనకిచ్చి, నేను వింటూ కూర్చున్నాను.