నాలుగో ఖానాలో మునగాల

1949 వేసవి మొదట్లో నన్ను సూర్యాపేట వైపు ఒక తాలూకా కచేరీకి అహల్కారుగా వేశారు. అహల్కారంటే గుమాస్తా. ఏ తాలూకా అన్నది చెప్పను, అక్కడ నాతో పనిచేసినవారి పిల్లలు ఇంకా నాకు శుభలేఖలు పంపుతున్నారు. పోలీసు చర్య జరిగి ఏడాది కూడా కాలేదు. నిజాం పాలన పోయింది గాని దాని కాగితాలు పోలేదు. కొత్త తహసీల్దారుగారు మద్రాసు వైపు నుంచి వచ్చినవారు, ఉర్దూ రాదు. మిసిళ్లు, అంటే ఫైళ్లు, ఆయన ముందు పెట్టవలసిన పేష్కారు సాబుకు ఉర్దూ తప్ప మరో రాత రాదు. ఒకే కాగితం మీద ఒకరు నిజాం కాలపు ఫసలీ తేదీ వేస్తే ఇంకొకరు ఇంగ్లీషు తేదీ వేసేవారు. ఏది జాబో, ఏది దానికి జవాబో తేల్చేసరికి పూట గడిచేది.

మాది కోదాడ, సంస్థానంలోదే; ఉర్దూ బడిలోనే వచ్చింది. అమ్మవాళ్లది జగ్గయ్యపేట కావడంతో అక్కడ కొన్నాళ్లు ఉండి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకున్నాను. ఆ పాపానికి వారిద్దరి మధ్య అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఆ రోజుల్లో మిర్యాలగూడ పక్కన వేములపల్లిలో ఆడపిల్లలకు తెలుగు బడి పెడుతున్నారని, పంతులమ్మ కావాలని ఉత్తర్వు వచ్చింది. మా తాలూకా నుంచి ఒకే దరఖాస్తు పడింది. సత్తెమ్మ, తండ్రి చంద్రయ్య, నేత పని. సర్కారు కొలువుకు ముల్కీ సర్టిఫికెట్ ఉండాలి. ముల్కీ అంటే హైదరాబాద్ సంస్థానానికి చెందిన మనిషి. అహల్కారు దరఖాస్తు పెట్టినవారి ఊరికి పోయి, పెద్దలను విచారించి, ఫారం నింపి తేవాలి. దీన్ని తస్దీఖు అనేవారు. ఫారంలో నాలుగు ఖానాలు: పేరు, తండ్రి పేరు, ఉండే ఊరు, పుట్టిన ఊరు.

నేను వెళ్లేసరికి సత్తెమ్మ మగ్గాల పాక అరుగు మీద ఉంది. ఇరవై దాటి ఉంటాయి. చుట్టూ పదిమంది ఆడవాళ్లు. వాళ్ల ఇళ్లలో మగవాళ్లను కమ్యూనిస్టులని పోలీసు చర్య గడబిడలో పట్టుకుపోయి క్యాంపుల్లో పెట్టారు. ఎవరు ఏ క్యాంపులో ఉన్నారో తెలియదు. సత్తెమ్మ వాళ్ల తరఫున అర్జీలు రాసేది. అర్జీ కింద వేలిముద్ర వేస్తే పక్కన పడేస్తున్నారని, సంతకం చేస్తే కాస్త చదువుతున్నారని ఎలా కనిపెట్టిందో గాని, ప్రతి ఒక్కరికీ సంతకం నేర్పింది. సంతకంతో మొదలుపెట్టినవాళ్లు అక్షరాలు కూడా చెప్పమన్నారట. ఆమెకు పంతులమ్మ కొలువు మీద ఆశ అలా కలిగింది.

ఊరి పెద్దలను ఇద్దరిని విచారిస్తే మా ఊరి పిల్లేనన్నారు. మూడు ఖానాలు నిండాయి. పుట్టిందెక్కడమ్మా అని అడిగాను. మునగాల అంది. రాసుకున్నాను. దస్తూరి బాగా కుదిరిందని కూడా అనుకున్నాను.

ఇక్కడ మునగాల సంగతి చెప్పాలి. సూర్యాపేట నుంచి కోదాడ పోయే బస్సు మునగాల మీదుగానే పోతుంది. కానీ ఆ పరగణా మద్రాసు ప్రభుత్వానిది, కృష్ణా జిల్లాలోది. చుట్టూ సంస్థానం, మధ్యలో ఆ ముక్క. బస్సెక్కినవాడు ఒక రాజ్యం విడిచి, ఇంకో రాజ్యం దాటి, మళ్లీ మొదటి రాజ్యంలోనే దిగేవాడు. మాకందరికీ అది అలవాటైపోయి వింతగా ఉండేది కాదు.

పేష్కారు సాబు ఫారం చూసి, నాలుగో ఖానా మీద వేలు పెట్టి, "గైర్ ముల్కీ" అని పక్కన రాశారు. సంస్థానం మనిషి కాదని అర్థం. ఆ ఒక్క మాటతో కొలువు పోతుంది. నేను నోరు తెరవబోతే, రాసింది నువ్వే కదా అన్నారు. నిజమే, రాసింది నేనే.

వారంలో సత్తెమ్మ తండ్రిని వెంటబెట్టుకుని కచేరీకి వచ్చింది. చంద్రయ్యకు ఏమీ అర్థం కాలేదు. తన బిడ్డ తన ఇంట్లో ఉంటుండగా పరాయి రాజ్యం మనిషి ఎలా అయిందని ఒక్కొక్క బల్ల దగ్గరా అడిగాడు. ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. తహసీల్దారుగారు గోడకున్న పటం ముందు చాలాసేపు నిలబడ్డారు. మునగాల మన మధ్యలోనే ఉంది కదయ్యా అన్నారు. ఉందండీ గాని మనది కాదండీ అన్నాను. మరి నేనెక్కడివాణ్ణి అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. చివరికి, మునగాల వెళ్లి పుట్టుక సంగతి మళ్లీ విచారించమని నన్నే పంపారు. బడి తెరవడానికి ఇరవై రోజులు కూడా లేవు. నేను వెళ్లేది ఏం తేవడానికో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మునగాలలో సత్తెమ్మకు పురుడు పోసిన మంత్రసాని దొరికింది. ముసలామె. ఇక్కడే ఎందుకు పుట్టిందని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"తొలి కాన్పు తల్లిగారింట్ల గాక అత్తగారింట్ల జేస్తరా అయ్యా? పురుడెల్లినంక తండ్రే వచ్చి బండి మీద తోల్కపోయిండు. నువ్వు యాడ పుట్టినవ్?"

నేను మా అమ్మకు తొలి కాన్పు. పుట్టింది జగ్గయ్యపేటలో, మద్రాసు ఇలాకాలో.

తిరుగు బస్సులో అదే లెక్క వేసుకుంటూ వచ్చాను. నా సర్వీసు రిజిస్టరులో పుట్టిన ఊరు కోదాడ అని ఉంది. కొలువులో చేరేటప్పుడు మా నాన్న చెప్పి రాయించారు. ఆయన అబద్ధమాడారని అనను. ఊరేదంటే ఆయనకు కోదాడే. సత్తెమ్మ అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పి పరాయిదైంది. నేను లేనిది రాయించుకుని, ఆమె ముల్కీయో కాదో తేల్చేవాణ్ణయ్యాను. సిగ్గేసింది. ఈ మాట బయటపెడితే నా కొలువు ఉంటుందో ఊడుతుందో తెలియక భయమూ వేసింది.

మర్నాడు తహసీల్దారుగారికి చెప్పేశాను. ఆయన మందలిస్తారనుకున్నాను. కచేరీలో అందరినీ పిలిచి, తొలి కాన్పు బిడ్డలెవరో, తల్లి పుట్టిల్లు ఎక్కడో అడిగారు. నాతో కలిపి ముగ్గురం సరిహద్దు అవతల పుట్టినవాళ్లం. పేష్కారు సాబు మాత్రం ధీమాగా, తన తల్లి పుట్టిల్లు బీదర్ అని, దూరమైనా సంస్థానమేనని చెప్పారు.

"ఈ లెక్కన బీదర్లో పుట్టినాయన ఇక్కడివాడు, మునగాలలో పుట్టిన పిల్ల కాదు. నేనైతే మొదలే కాదు. అసలు రూలు ఏమంటుందో చదవండి" అన్నారు తహసీల్దారుగారు.

పేష్కారు సాబు ఉర్దూలో చదివారు, నేను తెలుగులో చెప్పాను. పుట్టుకతో సంస్థానానికి చెందినవారు ముల్కీలు అని ఉంది. ఏ ఊళ్లో పుట్టారన్న మాట అందులో లేనేలేదు. నాలుగో ఖానా ఎవరు, ఎప్పుడు చేర్చారో ఎవరికీ తెలియదు. తొలి కాన్పు పుట్టింట జరగడం ఇక్కడి ఆచారమని, తండ్రి ఊరే బిడ్డ ఊరని కొత్త నివేదిక రాశాను. పేష్కారు సాబు తన రాత తానే కొట్టేసి దస్కతు పెట్టారు.

ఈ కాగితాలన్నీ నడిచేసరికి, సర్టిఫికెట్ పంపవలసిన గడువు ఇంగ్లీషు తేదీ ప్రకారం దాటింది. ఫసలీ ప్రకారం దాటిందో లేదో మాలో మేమే వాదించుకుంటుండగా వేములపల్లికి వేరొకరిని వేశారు. సర్టిఫికెట్ నేనే తీసుకెళ్లి సత్తెమ్మ చేతికిచ్చాను. ఆమె నిలబడే రెండుసార్లు చదువుకుంది.

"గీ కాయితం రాకముందు నేను యాడిదాన్ని సారూ?"

ఆమె కాగితం మడిచి లోపల పెట్టి, మళ్లీ అరుగు మీదకు పోయింది. పాఠం మధ్యలో ఉంది.

కొన్నేళ్ల తరువాత ఆమె పంచాయతీకి నిలబడిందని విన్నాను. మునగాలలో పుట్టినదానికి ఓటేస్తారా అని ఎదుటివాళ్లు అన్నారట. ఓటర్ల జాబితాలో సంతకం చేయగలిగిన ఆడవాళ్లంతా ఆమె నేర్పినవాళ్లే. గెలిచింది.

ఆ తరువాత ఏ ఫారం నింపినా, ఖానా ఏమి అడుగుతోందో చూసే ముందు ఎందుకు అడుగుతోందో చూసేవాణ్ణి. నా సర్వీసు రిజిస్టరులో పుట్టిన ఊరు మాత్రం రిటైరయ్యేదాకా కోదాడ అనే ఉంది. దిద్దే ధైర్యం నాకు లేకపోయింది.